క్రోషేతో కొన్నేళ్లు: వైజాగ్ ఉక్కలో నిలిచిన బహుమతులు, నిలవనివి

క్రోషే, అంటే కొక్కెం ఉన్న హుక్కుతో దారం అల్లే పని, మొదలుపెడదాం అనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ కిట్ కొనాలని. ఏ కిట్టూ వద్దంటాను. 2020 లాక్‌డౌన్ రోజుల్లో నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌లో రకరకాల సైజుల హుక్కులు, ప్లాస్టిక్ పిన్నులు, కత్తెర, చిన్న చిన్న ఊలు ఉండలు, ఓ జిప్పు సంచి వచ్చాయి. హుక్కుల మీద సైజు అంకెలు కొద్దివారాలకే చెరిగిపోయాయి. ఉండలు ఎంత చిన్నవంటే గ్లాసు కింద పెట్టుకునే కోస్టర్ ఒక్కటైనా పూర్తికాకుండానే రంగు అయిపోయేది. అందులో ఇప్పటికీ వాడుతున్నది కత్తెర ఒక్కటే, అదీ పాలప్యాకెట్లు కోయడానికి.

అప్పటినుంచి అల్లుతూనే ఉన్నాను. అల్లినవాటిలో చాలావరకు పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ బారసాలలకీ ఇచ్చేశాను. వాళ్లిళ్లకి వెళ్లినప్పుడల్లా నా కళ్లు వాటికోసమే వెతుకుతాయి, పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంటాను. కొన్ని రోజూ వాడకంలో ఉన్నాయి. కొన్ని షోకేసు ఎక్కాయి. ఇంకొన్ని ఎక్కడున్నాయో అడగకపోవడమే మర్యాద. అల్లిన రోజున అన్నీ బాగానే ఉంటాయి, ఫోటోలో ఇంకా బాగుంటాయి. మన ఊళ్లో ఒక మే నెల, ఒక వానాకాలం దాటాక ఎలా ఉన్నాయో చూసి రాస్తున్న సమీక్ష ఇది.

ముందు హుక్కు సంగతి. 4 మిల్లీమీటర్లది ఒక్కటి కొనుక్కోండి, చాన్నాళ్లు దానితోనే గడుస్తుంది. ఉత్త అల్యూమినియం హుక్కు వంద రూపాయల లోపే దొరుకుతుంది, నేర్చుకోవడానికి దానితో ఇబ్బందేమీ లేదు. ఇబ్బందల్లా వేసవిలోనే. చెమట చేతుల్లో సన్నటి కడ్డీ జారిపోతూ ఉంటుంది, జారకుండా బిగించి పట్టుకుంటాం, కాసేపటికే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. చవకరకమైతే తెల్లదారం మీద బూడిదరంగు చార కూడా వదులుతుంది, కొనగానే పాతగుడ్డతో గట్టిగా తుడిచి, పనికిరాని దారంతో కాస్త అల్లి చూసుకోవాలి. పిడికి మెత్తటి రబ్బరు తొడుగు ఉన్నది దొరికితే ఇంకో యాభై ఎక్కువైనా అదే తీసుకోండి. జపాన్ కంపెనీ క్లోవర్ వాళ్ల అమూర్ హుక్కు నా దగ్గర ఒకటుంది. ధర మామూలు హుక్కుకి ఎన్నో రెట్లు, కానీ మొన నున్నగా ఉంటుంది, పిడి చేతిలో ఇమిడిపోతుంది, ఇన్నేళ్లయినా కొత్తదానిలాగే ఉంది. మొదటి రోజే అంత పెట్టక్కర్లేదు. ఈ పని మానను అని మీకు నమ్మకం కుదిరాక కొనుక్కోవచ్చు.

వెదురు హుక్కు మాత్రం మన తీరప్రాంతానికి వద్దనే చెబుతాను. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎండాకాలంలో చేతికి హాయిగా కూడా ఉంటుంది. వానలు మొదలయ్యాక నాదాని నునుపు పోయింది, దారపు పోగులు మొనకి చిక్కుకోవడం మొదలైంది. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు పనిచేసింది, మళ్లీ మామూలే.

లేసు అల్లే సన్నటి స్టీలు సూదుల (ఇవీ కొక్కెం ఉన్న హుక్కులే) గురించి చెప్పాలంటే మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది పాలకొల్లు. ఆ చుట్టుపక్కలా నర్సాపురంలోనూ ఇంటింటా ఆడవాళ్లు లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో నర్సాపురం క్రోషే లేసుకి జీఐ (ఆ ప్రాంతానికే చెందిన వస్తువు అనే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కుట్టుమిషన్ దారానికి కాస్త లావుగా ఉండే దారంతో, చూపు ఆననంత చిన్న కొక్కెంతో, టీవీ సీరియల్ చూస్తూ ఆవిడ పూలూ నెమళ్లూ తీస్తారు. నా మొదటి కోస్టర్ చేతిలోకి తీసుకుని, "ఏమ్మా, ఇంత లావు దారంతో అల్లితే ఇది లేసా, చాపా?" అన్నారు. ఆవిడ దగ్గరే నేర్చుకుందామని చూశాను కానీ అంత సన్నపనితో మొదలుపెడితే కొత్తవాళ్లకి తమ కుట్టు తమకే కనపడదు, తప్పు ఎక్కడ జరిగిందో తెలీదు. 4 మిల్లీమీటర్ల హుక్కు, దానికి తగ్గ లావు దారం ఉంటే ప్రతి కుట్టూ విడిగా కనపడుతుంది, లెక్కపెట్టుకోవచ్చు. స్టీలు సూదులకి ఇంకో సంగతి ఉంది. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ల ఇళ్లలో పైపూత పోయిన సూదికి తుప్పు రావడానికి ఎంతోకాలం పట్టదు. వాడాక తుడిచి పొడిగుడ్డలో చుట్టి పెట్టాలి.

దారం విషయంలోనే కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. షాపులో ఊలు అని అడిగితే చాలావరకు చేతిలో పెట్టేది ఆక్రిలిక్ అనే సింథటిక్ దారం. చవక, రంగులు బోలెడు, అల్లడం తేలిక. విదేశీ వీడియోలు చూసి అందరూ ముందు మఫ్లర్ మొదలుపెడతారు. డిసెంబరులో కూడా ఫ్యాన్ వేసుకునే ఊళ్లో మఫ్లర్ ఎవరికిస్తారు? నేనిచ్చిన మఫ్లర్లు ఏడాదికోసారి, లంబసింగికో అరకుకో వెళ్లేటప్పుడు బయటికొస్తాయి. మనకి పనికొచ్చేది కాటన్. అల్లేటప్పుడు ఆక్రిలిక్ అంత సాగదు, వేళ్లకి కాస్త గట్టిగా తగులుతుంది, ఖరీదూ ఎక్కువే. అయినా ఇచ్చిన వస్తువు వాడకంలో ఉండాలంటే కాటనే. మంచి రంగులు కావాలంటే వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల టైలరింగ్ సామాను షాపులు తిరగండి. కొన్ని మ్యాచింగ్ సెంటర్లలో కూడా పెడుతున్నారు. లేబుల్ మీద లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే అంకె) చూసి, ఒక వస్తువుకి సరిపడా దారమంతా ఒకేసారి కొనాలి. నెల తర్వాత అదే రంగు అని తెచ్చుకుంటే అది అదే రంగు కాదు, ట్యూబులైటు కింద కనపడదు గానీ పగటి వెలుగులో ఇట్టే తెలిసిపోతుంది. ఎరుపు, ముదురు నీలం కొంటే తెల్లగుడ్డ ముక్క తడిపి దారాన్ని దానితో నొక్కి చూడండి. రంగు దిగితే దాన్ని తెలుపుతో కలిపి అల్లొద్దు.

ఇక బహుమతులు. నేనిచ్చినవాటిలో అన్నిటికంటే ఎక్కువ వాడకంలో ఉన్నవి గ్లాసు కింద పెట్టుకునే కోస్టర్లు. మన ఉక్కకి ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బల్ల మీద పెట్టగానే చుట్టూ నీళ్లు కారతాయి, కాటన్ కోస్టర్ వాటిని పీల్చుకుంటుంది. ఆక్రిలిక్‌తో అల్లినది పీల్చదు, నీళ్లు కిందికి దిగి బల్ల మీదే నిలుస్తాయి. వేడిగిన్నె కిందైతే ఆక్రిలిక్ అసలు పెట్టకూడదు, కరిగి అంటుకుంటుంది. అల్లడం కూడా తేలికే. నాలుగు చైన్లు (గొలుసు కుట్లు) వేసి స్లిప్ కుట్టుతో, అంటే రెండు కొనలు కలిపే అతిపొట్టి కుట్టుతో గుండ్రంగా కలపండి. మ్యాజిక్ రింగ్ (లాగితే బిగుసుకునే దారపు ఉచ్చు) అంటూ కొత్తలోనే కుస్తీ పట్టక్కర్లేదు. ఆ రింగులో 12 డబుల్ కుట్లు (హుక్కుకి ఒకసారి దారం చుట్టి వేసే పొడుగు కుట్లు), రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి చొప్పున 24, మూడో వరసలో ఒకటి విడిచి ఒకటి పెంచుతూ 36. చుట్టూ ఒక సింగిల్ (దారం చుట్టకుండా వేసే పొట్టి కుట్టు) వరసతో అంచు కడితే పని అయిపోయింది. అంచు కుచ్చిళ్లలా లేస్తే కుట్లు ఎక్కువయ్యాయని, పైకి ముడుచుకుంటే తక్కువయ్యాయని అర్థం. నాలుగింటి సెట్టుకి యాభై గ్రాముల దారం చాలు. రత్నాచల్ రైల్లో ఇక్కడ ఎక్కితే విజయవాడలో దిగేలోపు ఒక సెట్టు అయిపోతుంది, పక్కసీటావిడ కబుర్లలో దింపకపోతే.

వీడియో చూసి అల్లేటప్పుడు ఒక్క జాగ్రత్త. నేను డబుల్ అంటున్నది అమెరికా లెక్క. బ్రిటిష్ లెక్కలో డబుల్ అంటే మనకి సింగిల్. కోస్టర్ అనుకున్నదాంట్లో సగం సైజే వచ్చిందంటే ముందు అదే చూసుకోండి.

గృహప్రవేశాలకి మాత్రం తోరణమే. మధురవాడ, పీఎం పాలెం వైపు ఎన్ని అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయో చూస్తున్నాం కదా, మాకు సీజన్‌లో ఒక నెలలో రెండు మూడు పిలుపులు వస్తాయి. మామిడాకుకి పదిహేను చైన్లు వేసుకుని, ఒక పక్కన కొన నుంచి సింగిల్, హాఫ్ డబుల్, డబుల్ అలా పెంచుకుంటూ వెళ్లి మళ్లీ తగ్గించుకుంటూ చివరికి వచ్చి, అదే చైను రెండో పక్కన కూడా అలాగే వెనక్కి రావాలి. ఆకుల మధ్య వేలాడే బంతిపువ్వు ఇంకా తేలిక. కోస్టర్‌లో కుట్లు ఎక్కువై అంచు కుచ్చిళ్లు పడుతుందని చెప్పానే, దాన్నే కావాలని చెయ్యడం. ప్రతి కుట్టులో మూడేసి డబుల్స్ వేస్తూ పోతే దానంతటదే ముడతలు పడి బంతి అవుతుంది. పసుపూ నారింజా రెండూ ఉంటే నిండుగా ఉంటుంది. మామూలు మూడడుగుల గుమ్మానికి తొమ్మిదో పదకొండో ఆకులు పడతాయి.

దీనికి మాత్రం కాటన్ కన్నా ఆక్రిలిక్ మేలు. గుమ్మం మీద ఎండ తగిలేచోట కాటన్ రంగు వెలుస్తుంది, ఆక్రిలిక్ అంత త్వరగా వెలవదు, వానజల్లు కొట్టినా వెంటనే ఆరుతుంది. ఆకులు తగిలించే పట్టీ బరువుకి సాగి మధ్యలో కిందికి దిగుతుంది. అల్లేటప్పుడే లోపల నైలాన్ తాడు పెట్టి దాని మీదుగా సింగిల్ కుట్లు వేసుకుంటే ఆ బాధ ఉండదు. మా పెద్దాడపడుచు ఇంట్లో నేనిచ్చిన తోరణం పండగకి తీసి దులిపి మళ్లీ అదే కడుతున్నారు. అసలు మామిడాకులు కట్టకుండా ఇదేంటని మామయ్యగారు మొదట్లో సణిగారట. ఇప్పుడు పండగరోజు రెండూ కడుతున్నారు.

కూరల సంచి మీద నాకు మిశ్రమాభిప్రాయం. రైతుబజారుకి తీసుకెళ్తే అందరూ ఎక్కడ కొన్నావని అడుగుతారు, మడిస్తే గుప్పెట్లో పడుతుంది, ఆనపకాయ పెట్టినా తట్టుకుంటుంది. కానీ కన్నాలు పెద్దవైతే పచ్చిమిర్చి దారంతా రాల్చుకుంటూ వస్తాం. అడుగుభాగం దట్టంగా సింగిల్ కుట్లతో, పైన మాత్రమే వలలా అల్లాలి. పిడి అనుకున్నదానికంటే బాగా పొట్టిగా పెట్టండి, బరువు పడ్డాక అది సాగి మోకాళ్ల దాకా దిగుతుంది. దారం రెండు వందల గ్రాముల దాకా పడుతుంది, అంతకష్టపడి ఇచ్చాక కొందరు మురికవుతుందని అసలు వాడరు. మా పిన్ని అందులో దుప్పటి మడిచి పెట్టుకుంది.

బారసాలకి పసిపిల్లల టోపీ ఇవ్వొచ్చు, మెత్తటి కాటన్‌తో అయితేనే. నీళ్లు పోశాక కాసేపు తలకి పెట్టడానికి పనికొస్తుంది. మేజోళ్లు ఫోటోకి తప్ప ఎందుకూ కొరగావు, పిల్లలు తన్ని తీసేస్తారు. బొమ్మలు, అదే అమిగురుమి, చూస్తే ఎవరికైనా నోరూరుతుంది గానీ కొత్తవాళ్లు వాటి జోలికి వెళ్లకండి. దూది బయటికి కనపడకుండా ఉండాలంటే కుట్లు చాలా బిగుతుగా రావాలి, ఆ బిగువు కొత్తచేతికి రాదు, మణికట్టు మాత్రం పట్టేస్తుంది. మూడేళ్లలోపు పిల్లలకిచ్చే బొమ్మకి ప్లాస్టిక్ కళ్లు కూడా పెట్టకూడదు, ఊడితే మింగేస్తారు. నల్లదారంతో కుట్టేయాలి. ఫోన్ పౌచ్ నేనిక అల్లను. ఫోన్ మారగానే అది దండగ.

కాలేజీ పిల్లలకైతే ఏ ఆలోచనా లేకుండా స్క్రంచీలు. మామూలు జుట్టు రబ్బరు బ్యాండు చుట్టూ నిండా డబుల్ కుట్లు కుక్కడమే, మిగిలిన దారం ముక్కలన్నీ చెల్లిపోతాయి. తాళంచెవుల గుత్తికి చిన్న గుండె ఆకారం అల్లి, ఏటికొప్పాక లక్కపూస ఒకటి గుచ్చి ఇస్తే మన ఊరి బహుమతిలా ఉంటుంది. ఆ లక్కరంగులు దారం రంగులతో భలే కలుస్తాయి.

ఇలా ఇస్తూ పోతే "నాకూ ఒకటి అల్లిపెట్టు, డబ్బులిస్తాలే" అనేవాళ్లు తప్పకుండా తయారవుతారు. అసలైన క్రోషే ఏ మిషన్ మీదా రాదు, ప్రతిదీ ఎవరో ఒకరు చేత్తో అల్లాల్సిందే. ఆ సంగతి తెలియక దారం ఖరీదుకి ఓ యాభై కలిపి ఇస్తామంటారు. నేను అమ్మను. ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇస్తాను, లేకపోతే హుక్కు చేతిలో పెట్టి నేర్పిస్తానంటాను. రెండోదానికి ఇప్పటిదాకా ఒక్కరే ఒప్పుకున్నారు.

ఇచ్చేటప్పుడు ప్యాకెట్‌లో ఒక చీటీ కూడా పెట్టండి. కాటన్‌వైతే వాషింగ్ మెషిన్‌లో నెట్ సంచిలో వేసి మామూలు నీళ్లలో ఉతకొచ్చు, తాడు మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టాలి. కోస్టర్ వంకర పోతే తడిమీదే చేత్తో సరిచేసి పరిచితే చాలు. సన్నదారపు లేసు ముక్కైతే పల్చటి గంజి పెట్టి పిన్నులతో సాగదీసి ఆరనివ్వాలి. ఆక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె పెట్టొద్దని మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి.