ఆకాశంలో చుక్కా, రేడియోలో సంకేతమా?

ఏలియన్స్ ఉన్నారని నమ్మాలంటే ఏది గట్టి సాక్ష్యం: ఆకాశంలో కనిపించే చుక్కా, అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతమా? మొన్న రాత్రి బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద పెద్ద హడావుడి. ఇరవై దాకా చుక్కలు, దారానికి గుచ్చిన పూసల్లా, చప్పుడు లేకుండా సాగిపోయాయి. "ఏలియన్సే బావా!" అన్నాడు మా బామ్మర్ది, చేతిలో టీ ఒలికిపోతున్నా చూసుకోకుండా. అవి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు.

కంటికి కనిపించేవాటితో చిక్కే ఇది. 1947లో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికన్ పైలట్ తొమ్మిది వింత వస్తువులు చూశానన్నాడు. 'ఎగిరే పళ్లాలు' అన్న మాట పత్రికల్లోకి వచ్చింది అప్పుడే. మళ్లీ చూపించమంటే ఎక్కడ చూపిస్తాడు, పాపం? 2023లో నాసా నిపుణుల బృందం కూడా ఇలాంటివి వేరే గ్రహాలవనడానికి ఆధారం లేదంది, అసలు సరైన డేటానే లేదని మొత్తుకుంది.

రేడియో దారి వేరు. 1967లో ఖగోళ పరిశోధకురాలు జోసెలిన్ బెల్‌కి దాదాపు 1.3 సెకన్లకోసారి ఠంచనుగా వచ్చే సంకేతం దొరికింది. సరదాగా 'చిన్న పచ్చ మనుషులు' అని పేరు కూడా పెట్టారు. మళ్లీ మళ్లీ పరీక్షించగలిగారు కాబట్టే అది పల్సార్ అని, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే ఒక రకం నక్షత్రమని తేలింది. 1977లో రేడియో టెలిస్కోప్‌కి చిక్కిన 'వావ్' అనే సంకేతం 72 సెకన్లు నమోదై మళ్లీ రాలేదు. అందుకే అదేమిటో ఇంకా తేలలేదు.

జనం మీద ప్రభావమా? చుక్క కనిపిస్తే భయం, ప్రభుత్వం ఏదో దాస్తోందన్న అనుమానం. సంకేతం వస్తే అంత టెన్షన్ ఉండదు. అది వందల కాంతి సంవత్సరాల దూరం నుంచి వస్తే, మన జవాబు చేరేసరికి మునిమనవలూ ఉండరు. నా ఓటు సంకేతానికే.

"దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టలేం కదా బావా," అన్నాడు వాడు.