ఫోర్ట్ యూకాన్‌లో రెండు రాత్రులు, 420 డాలర్లు, చుక్క నీళ్లు రాని కుళాయి

అలాస్కాలో ఫోర్ట్ యూకాన్ వెళ్లేవాళ్లు హాయిగా వెళ్లండి, కానీ గది గురించి ఫోన్‌లో "అన్నీ ఉన్నాయి" అంటే మాత్రం నమ్మకండి. మేం నమ్మి రాత్రికి 210 చొప్పున రెండు రాత్రులకి ముందే కట్టేశాం. తీరా వెళ్తే కుళాయి ఉంది, నీళ్లు లేవు. పంపు పాడైందంట, గదాయన రెండు ప్లాస్టిక్ నీళ్ల డబ్బాలు చూపించి వాడుకోమన్నాడు. కిటికీ మెష్‌కి చిల్లు, అందులోంచి దోమలు దండుగా వచ్చాయి. ఆర్కిటిక్ సర్కిల్ దాటిన ఊరు కదా, జూన్‌లో అర్ధరాత్రి కూడా ఎండే, కర్టెన్ లేదు, మా ఆయన అత్తయ్య చీర కట్టి పడుకున్నారు (కిటికీకండీ!). తగ్గించమంటే "ఇక్కడికి ఏ సామానైనా విమానంలో రావాలి, లేదా ఎండాకాలం బార్జ్‌లో (సరుకుల పడవ)" అంటాడు. నిజమే, రోడ్డు లేదు, కొట్లో గ్యాలన్ పాలు 13 డాలర్లు పెట్టి కొన్నాం. అయితే పంపు పాడైన సంగతి ఫోన్‌లో చెప్పడానికేం, మాటలు కూడా బార్జ్‌లోనే వస్తాయా?

ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి చిన్న విమానం, గంట ప్రయాణం, బానే ఉంది. కాకపోతే ఎక్కేముందు మనుషుల్నీ తూకం వేస్తారు. అత్తయ్య 62 అంది, కాటా 71 చూపించింది, అందరి ముందూ. ఆవిడ మూతి ముడుచుకుని రోజంతా మాట్లాడలా.

రెండోరోజు ఒక గ్విచిన్ (ఇక్కడి ఆదివాసీ తెగ) పెద్దాయన 150 తీసుకుని యూకాన్ నదిలో పడవ మీద తిప్పాడు. అదొక్కటే పైసా వసూల్. ఇంజన్ ఆపి మాట్లాడకండి అన్నాడు, చూస్తే పడవ అడుగున సుయ్‌మని సన్నటి చప్పుడు, కాగితం మీద ఇసుక జారినట్టు. నీళ్లలో కొట్టుకొచ్చే ఒండ్రు రేకుకి రాసుకోవడమంట. అత్తయ్యది రాజమండ్రి, చెయ్యి ముంచి చూసి "వరద గోదారేనే అమ్మాయ్, చల్లగా ఉందంతే" అంది. హమ్మయ్య, మాట కలిపింది. చలికాలం ఈ నదే గడ్డకట్టి రోడ్డైపోతుందంట, స్నోమెషీన్లు (మంచు మీద నడిచే బండ్లు) దానిమీదే తిరుగుతాయంట.

ఒడ్డున చేపల చక్రం ఎండిపోయి పడుంది. నది వాలుకి దానంతటదే తిరిగి బుట్టల్లోకి చేపల్ని ఎత్తుతుంది, కానీ 2024లో చినూక్ సాల్మన్ అనే చేపని పట్టడం ఏడేళ్లు ఆపేశారు. పొగబెట్టే పాక ఖాళీ, దండేల మీద ఒక్క తునక లేదు. సాల్మన్ తిందామని 400 పైన టికెట్లు పెట్టి మమ్మల్ని లాక్కొచ్చిన మా ఆయన మొహం చూడాలి! పెద్దాయన భార్య మూస్ (పెద్ద దుప్పి లాంటి జంతువు) మాంసం సూప్ పోసింది, చప్పగా ఉన్నా వేడివేడిగా, అత్తయ్య వద్దని, పక్కనున్న రొట్టె మాత్రం తన ఆవకాయతో మూడు తింది. ఆవకాయ సీసా పెద్దాయన భార్యకే ఇచ్చేసింది.

దోమల వల టోపీలు, బియ్యం, కిటికీకి నల్లగుడ్డ ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే కొనుక్కోండి. స్వెట్టర్లు తగ్గించండి, 1915 జూన్‌లో ఇక్కడ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది, అలాస్కా రికార్డు.

సగం డబ్బైనా వెనక్కిమ్మని గదాయనకి మూడు మెసేజ్‌లు పెట్టా. చూస్తున్నాడు, జవాబివ్వట్లేదు.