రెండో పేరు తనంతట తానే వచ్చింది: జొటెరో గురించి నా అనుభవం

పత్తిలో గులాబీ రంగు పురుగు మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినప్పటి నుంచి జొటెరోనే వాడుతున్నాను. చదివిన పేపర్ల వివరాలు దాచిపెట్టి, థీసిస్‌లో సైటేషన్లను, అంటే ఏ మాట ఎవరి పేపర్‌లోదో చెప్పే పేరూ ఏడాదీ, తనే రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. ఇన్‌స్టాల్ చేయడం, వర్డ్‌లో బటన్ ఎక్కడుంటుంది లాంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది, నలుగురైదుగురు కలిసి రాసిన పేపర్లను అది చూసుకునే తీరు గురించే. ఆ ఒక్క పని కోసమే దీన్ని వదలలేకపోతున్నాను.

మా సబ్జెక్టులో ఒక్కరే రాసిన పేపర్ దొరకడం అరుదు. సైటేషన్లు ఎలా రాయాలో చెప్పే ఏపీఏ పద్ధతి ఏడో ఎడిషన్ ప్రకారం, వాక్యం మధ్యలో ఇచ్చేటప్పుడు, ఇద్దరు రాస్తే ప్రతిసారీ ఇద్దరి పేర్లూ ఇవ్వాలి. ముగ్గురు, ఆపైన ఉంటే మొదటిసారి నుంచే ఒక్క పేరు, పక్కన ‘ఎట్ ఆల్.’ (మిగతావాళ్లు అని). చివరి రిఫరెన్సుల్లో మాత్రం 20 మంది వరకు అందరినీ రాయాలి. ఆరో ఎడిషన్‌లో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా మొదటిసారి అందరి పేర్లూ ఇచ్చేవారు. పాత థీసిస్ చూసి రాసేవాళ్లు ఇక్కడే తికమక పడతారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే ఊళ్లలో సర్వే ముగించుకొని, ఆ చాప్టర్ మా గైడ్ సార్‌కు ఇచ్చాను. అంతకుముందు డ్రాఫ్టులో ‘రెడ్డి ఎట్ ఆల్., 2018’ అని ఉన్నది ఈసారి ‘రెడ్డి, రావు, ఎట్ ఆల్., 2018’ అయింది. సార్ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, “పోయినసారి ఒక్క పేరే ఉంది కదమ్మా, ఈ రెండో పేరెక్కడిది? సాఫ్ట్‌వేర్ ఏదో చేసినట్టుంది, చేత్తో సరిచెయ్” అన్నారు. ఇంటికొచ్చి జొటెరోలో నా పేపర్ల జాబితా తెరిస్తే సంగతి తెలిసింది. మధ్యలో నేను అదే మొదటి రచయితది, అదే ఏడాదిది ఇంకో పేపర్ చేర్చాను. ఒకటి పురుగు బీటీ పత్తిని తట్టుకునే శక్తి గురించి, రెండోది లింగాకర్షక బుట్టల్లో పడ్డ పురుగుల లెక్క. రెండూ ‘రెడ్డి ఎట్ ఆల్., 2018’ అయితే చదివేవాళ్లకు ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అలాంటప్పుడు తేడా తెలిసేదాకా పేర్లు పెంచాలన్నది ఏపీఏ నియమమే. నేనింకా గమనించకముందే జొటెరో ఆ పని చేసేసింది. తెల్లారి ఆ నియమం చూపిస్తే సార్ చదివి, “అయితే ఉండనీ” అన్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అయితే అన్నీ అదే చూసుకుంటుందని నమ్మి కూర్చోవద్దు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇనీషియల్ ఒక్కోసారి ముందు, ఒక్కోసారి వెనక. జర్నళ్లు ఒకే మనిషిని ఒకచోట పూర్తి పేరుతో, ఇంకోచోట పొడి అక్షరాలతో ఇస్తాయి. జొటెరో లెక్కలో ఆ రెండు పేర్లూ ఇద్దరు వేరే మనుషులవే. దాంతో వాక్యం మధ్యలో అవసరం లేని ఇనీషియల్స్ వచ్చి పడతాయి. అందుకే ఏ పేపర్ చేర్చినా పేర్ల గడులు అప్పటికప్పుడే సరిచేసి పెట్టుకుంటాను. విసుగు పని, కానీ తప్పదు.

నాది సైన్సు, థీసిస్ ఇంగ్లిషులో, ఫెలోషిప్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి ఉచితంగా దొరకడం నాకు పెద్ద విషయం. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీయే, పీడీఎఫ్‌లు పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటాను. నా రూమ్‌మేట్ తెలుగు సాహిత్యం మీద చేస్తోంది, ఎక్కువగా ఒక్కరే రాసిన పుస్తకాలు. తనకు నోట్‌బుక్కే సరిపోతోంది, కాదనలేను. మీరు మాత్రం నాలాగే గుంపు పేపర్లతో పని చేస్తుంటే, ఫార్మాటింగ్‌కు ఫైలును డీటీపీ సెంటర్‌కు ఇచ్చే ముందు, జొటెరో ఇంకా సైటేషన్లను మార్చగలిగే కాపీ ఒకటి మీ దగ్గర వేరేగా పెట్టుకోండి. అక్కడ వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేస్తే అవి మామూలు అక్షరాలుగా మారిపోవచ్చు, ఆ తర్వాత ఏ పేరూ తనంతట తాను మారదు.