ఫంక్షన్ హాలా, షామియానానా?

అనంతపురంలో సభ పెట్టాలంటే ముందు తేలాల్సింది ఇదే. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్లుంటే హాలే నయమని చాలామంది అనుకుంటారు. కానీ చాలా హాళ్లలో సభ కింద, భోజనాలు పైన. లిఫ్టుందంటారు, తీరా చూస్తే అందులో సాంబారు గిన్నెలు ఎక్కిస్తుంటారు. ర్యాంపు ఉన్నా కొలవాల్సిందే: అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవుండాలి. బైకులెక్కించడానికి వేసిన నిటారు ర్యాంపు మీద కుర్చీ వెనక్కి పడుతుంది.

షామియానాకు మెట్ల గొడవ లేదు. అయితే మట్టిలో, కంకరలో వీల్‌చైర్ ముందు చక్రాలు దిగబడతాయి; పైన పరిచిన పట్టా ముడతలు పడి ఇంకో అడ్డం. గుంజలకు కట్టిన తాళ్లు చూపులేనివాళ్ల కాళ్లకు తగులుతాయి. మే నెల ఎండ సరేసరి. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో కొందరికి చెమట సరిగా పట్టదు, ఒళ్లు ఇట్టే వేడెక్కిపోతుంది. బాత్‌రూమ్ సంగతి అడగనే వద్దు.

నా ఓటు హాలుకే, భోజనాలూ కిందే పెడతామంటేనే. బాత్‌రూమ్ తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లుండాలి, టేపు పట్టుకుపోండి. సైగల భాషలో చెప్పేవాళ్ల మీద లైటు మాత్రం, వీడియో వేసేటప్పుడు కూడా, ఆర్పొద్దనండి. చలికాలం సాయంత్రం, సిమెంటు వేసిన స్కూలు ఆవరణ దొరికిందా, అప్పుడు షామియానాకే నా ఓటు.