జంతు సహాయక సంస్థకు వాట్సాప్ నంబరా, వెబ్ పేజీయా, సొంత యాపా: ఏది మేలు?

రాత్రి పదకొండు దాటాక సంస్థ ఫోనుకు ఒక కుక్క ఫోటో వస్తుంది. వెనుక కాళ్లు ఈడ్చుకుంటోంది. కింద ఒకే వాక్యం: "మెహదీపట్నం ఫ్లైఓవర్ కింద ఉంది, తొందరగా రండి." ఆ ఫ్లైఓవర్, అంటే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, ఆరాంఘర్ వరకు పదకొండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. తిరిగి ఫోను చేసి "పిల్లర్ నంబరు ఎంతండీ?" అని అడిగే సరికి అవతలి మనిషి బస్సెక్కి చాలా దూరం వెళ్లిపోయి ఉంటారు. నేను వారాంతాల్లో పనిచేసే చిన్న బృందంలో "మనకూ ఒక యాప్ ఉండాలి" అన్న మాట ఇటువంటి రాత్రుల తరువాతే వచ్చింది. ఒక దాత డబ్బు ఇస్తామని ముందుకు రావడంతో ఏది చేయించుకోవాలన్న ప్రశ్న ఎదురైంది.

వాట్సాప్ బలం అందరికీ తెలిసినదే. అది ఇప్పటికే ప్రతి ఫోనులో ఉంది, చదవడం రాయడం రానివారు కూడా వాయిస్ మెసేజ్ పంపగలరు, వ్యాపార ఖాతాకు రుసుము లేదు, ఒకే ఖాతాను ప్రధాన ఫోనుతో పాటు మరో నాలుగు పరికరాల్లో తెరవవచ్చు. చిక్కు ఎక్కడంటే, మామూలుగా పంపిన ఫోటోలో కెమెరా నమోదు చేసిన స్థల వివరాలను వాట్సాప్ తొలగిస్తుంది. పంపేవారి గోప్యతకు అది మంచిదే కానీ, మాకు కావలసిన ఒక్క సమాచారం అక్కడే పోతుంది. లొకేషన్ పంపే సదుపాయం ఉన్నా, కంగారులో ఉన్న మనిషికి అది గుర్తుకు రాదు. పైగా కార్యకర్తల వాట్సాప్ గ్రూపులో పడిన కేసుకు ఎవరు బయలుదేరారో తెలియక ఒక్కోసారి ఇద్దరు వెళతారు, ఒక్కోసారి ఎవరో వెళ్లారనుకొని అందరూ ఊరుకుంటారు.

సొంత యాప్ ఈ లోపాలన్నిటినీ సరిదిద్దగలదు, కానీ ఎవరి ఫోనులో? రోడ్డు మీద దెబ్బ తిన్న జంతువును చూసి ఆగే మనిషికి ఆ అవసరం ఏడాదికి ఒకసారి రావచ్చు. ఆ నిమిషంలో ప్లే స్టోరుకు వెళ్లి, యాప్ దించుకొని, ఓటీపీతో ఖాతా తెరవమనడం అతణ్ని వెళ్లిపొమ్మనడంతో సమానం. కేరళ అటవీ శాఖ పాముల కోసం నడుపుతున్న 'సర్ప' యాప్‌ను కొందరు ఉదాహరణగా చూపుతారు. అయితే దాని వెనుక ఒక ప్రభుత్వ శాఖ, ఆ శాఖ వద్ద శిక్షణ పొంది అనుమతి తెచ్చుకున్న పాములు పట్టేవారు ఉన్నారు. పదిహేను మంది స్వచ్ఛంద కార్యకర్తలు, ఒక వ్యాను ఉన్న సంస్థకు ఆ పోలిక కుదరదు.

ఖర్చు విషయంలోనూ దాతలు సాధారణంగా మొదటి బిల్లునే చూస్తారు. గూగుల్ ప్లేలో ఖాతాకు ఒకసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టడం పెద్ద భారం కాకపోవచ్చు. అసలు భారం ఆ తరువాతిది. కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్లు యాప్‌ను ఎప్పటికప్పుడు మార్చకపోతే కొత్త ఫోన్లవారికి అది ప్లే స్టోరులో కనిపించకుండా పోతుంది. ఉచితంగా చేసిపెట్టిన ఇంజినీరింగ్ విద్యార్థికి ఉద్యోగం వచ్చాక ఆ పని ఎవరూ చేయరు.

అందువల్ల సమాచారం ఇచ్చేవారి కోసం నేను వెబ్ పేజీ వైపే మొగ్గుతాను. వాట్సాప్ నంబరు అలాగే ఉంటుంది, సందేశం రాగానే వెళ్లే స్వాగత వాక్యంలో ఒక లింకు ఉంటుంది, నొక్కితే తెలుగులో ఒక పేజీ తెరుచుకొని లొకేషన్‌కు అనుమతి అడుగుతుంది. దించుకోవలసినది ఏమీ లేదు. అయితే ఫ్లైఓవర్ కింద కాంక్రీటు అడ్డు వల్ల జీపీఎస్ చుక్క పక్క వీధిలోకి జరిగిపోతుంది కనుక, పిల్లర్ నంబరుకు విడిగా ఒక గడి ఉండి తీరాలి. హైదరాబాదులో ఎక్స్‌ప్రెస్‌వే కిందయినా మెట్రో కిందయినా జనం నోట వచ్చే చిరునామా అదే.

యాప్ అంటూ చేయిస్తే అది కార్యకర్తలకు, వ్యాను డ్రైవరుకు మాత్రమే చేయించాలి. రోజూ వాడేవారు వాళ్లే, సిగ్నల్ అందని చోట కూడా వివరాలు రాసిపెట్టుకోవలసినవారూ వాళ్లే. దాన్ని ప్లే స్టోరులో అందరికీ విడుదల చేయనక్కరలేదు. ఎంచుకున్నవారికి మాత్రమే యాప్ అందే అంతర్గత పరీక్షల (ఇంటర్నల్ టెస్టింగ్) విభాగంలో ఉంచితే వందమంది దాకా వాడుకోవచ్చు. అందులో అన్నిటికన్నా ముఖ్యమైనది "నేను వెళ్తున్నాను" అన్న బటన్. ఒకరు నొక్కగానే మిగతావారికి ఆ సంగతి తెలియాలి. రెండవది, జంతువును పట్టిన స్థలం చెరిగిపోకుండా కేసుతోనే ఉండాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకా పూర్తయిన వీధికుక్కను పట్టిన చోటనే తిరిగి వదలాలి. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని అక్కడ తిరిగి వదలరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి, ఆ స్థలం ఎటువంటిదో కూడా నమోదు కావాలి.

దాతకు బాగా నచ్చిన సదుపాయం వేరొకటి ఉంది: నగరంలోని కేసులన్నీ అందరికీ కనిపించే మ్యాపు. చూడటానికి అందంగా ఉంటుందన్న మాట నిజమే. కానీ కుక్కలంటే గిట్టనివారికి ఏ సందులో ఈనిన కుక్క ఉందో, దానికి ఎవరు అన్నం పెడుతున్నారో అదే మ్యాపు చూపిస్తుంది. దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో వ్యానులో డ్రైవరు ఎదుట ఒక పెద్ద తెర ఫోను అమర్చి, స్థలం, పిల్లర్ నంబరు, జంతువు, గాయం అన్న నాలుగు వివరాలు పెద్ద తెలుగు అక్షరాల్లో కనిపించేలా చేయమని అడిగాను.