ఎత్తుల ట్రైనింగ్ మాస్కు: ఊపిరి బిగుస్తుంది, రక్తం మారదు

లడఖ్ ట్రిప్పుకు ముందు, ఎత్తైన చోటి గాలికి ఇంట్లోనే అలవాటు చేస్తుందని అమ్మే ఈ మాస్కు కొనాలా అని ఆలోచిస్తున్న బెంగళూరు తెలుగువాళ్లకు మా మాట ముందే చెప్పేస్తున్నాం. ఎత్తుకు అలవాటు పడటం కోసమైతే వద్దు.

నియోప్రీన్ పట్టీ, సిలికాన్ కప్పు, గాలి వచ్చిపోయే వాల్వులు, అంతే వస్తువు. వాల్వు మూతల్లో చిల్లులు తగ్గే కొద్దీ 3,000, 9,000, 18,000 అడుగులు అని అంకె పెరుగుతుంది. చిక్కంతా ఆ అంకెతోనే. చిల్లు చిన్నదైతే పీల్చడం కష్టమవుతుంది గానీ, లోపలికెళ్లేది 920 మీటర్ల ఎత్తులోని బెంగళూరు గాలే. లడఖ్‌లోని లే పట్టణం ఉన్నది సుమారు 3,500 మీటర్ల మీద. అక్కడ వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే, కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ. శరీరం స్పందించేది ఆ లోటుకు.

ఆ స్పందన కూడా చాలామంది అనుకున్నట్టు ఉండదు. మొదటి ఒకటి రెండు రోజుల్లో మూత్రం ఎక్కువ పోతుంది, పొడిగాలికి ఊపిరితోనూ నీరు పోతుంది. ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, 10–20 శాతం దాకా తగ్గొచ్చు. అప్పుడు రక్తం పరీక్షిస్తే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది. కొత్త కణాలు పుట్టి కాదు, చారు ఇగిరితే ఉప్పు తేలినట్టు. మొత్తం రక్తం నిజానికి తగ్గింది. ఎర్రకణాలు తయారు చేయమని చెప్పే హార్మోను, కిడ్నీలు విడుదల చేసే ఎరిత్రోపోయిటిన్, కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కానీ ఎముక మూలుగలో ఎర్రకణాలు తయారై రక్తంలోకి రావడానికి రోజులు పడుతుంది. వాటి మొత్తం చెప్పుకోదగ్గంతగా పెరగాలంటే మూడు నాలుగు వారాలు. క్రీడాకారులు అందుకే 2,000–2,500 మీటర్ల ఎత్తున రోజుకు 12 గంటలకు పైగా, వారాల తరబడి ఉంటారు. రోజుకు అరగంట మాస్కు ఏ మూలకు? 1,478 మీటర్ల నంది కొండ కూడా అంతే. ఎక్కి దిగితే కాళ్లకు, గుండెకు చాలా మంచిది, రక్తానికి లెక్కలోకి రాదు.

ఊపిరి కండరాలకు కాస్త వ్యాయామం దొరుకుతుంది, అందుకని ఐదు మార్కులకు ఒకటి ఇస్తున్నాం. వదిలిన గాలిలో కొంత మళ్లీ లోపలికే పోతుంది కాబట్టి తలనొప్పి, కళ్లు తిరగడం రావచ్చు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు.

ఆ డబ్బుతో ట్రిప్పుకు నెలన్నర ముందే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకోండి. ఐరన్ నిల్వ లేకపోతే హార్మోను ఎంత పెరిగినా మూలుగ కణాలను చేయలేదు. తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదే వేసుకోవాలి, పరీక్ష లేకుండా బిళ్లలు మింగకండి.

విమానంలో లే దిగితే మొదటి 48 గంటలు విశ్రాంతి. ఆ పైన నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. ప్లాస్మా తగ్గిందని లీటర్ల కొద్దీ నీళ్లు పట్టించకండి. ఆ తగ్గుదల శరీరం చేసుకునే సర్దుబాటు, అతిగా తాగితే సోడియం పడిపోతుంది. దాహానికి తగ్గట్టు తాగితే చాలు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే కిందికి దిగాలి.