కామెంటా, ఇన్‌బాక్సా?

రాత్రి పదకొండింటికి ఎవరో "ఇక నావల్ల కావట్లేదు" అని ఒక్క లైను పోస్టు పెడతారు. చూసినవాళ్లకు రెండు దారులు: అందరికీ కనపడేలా కింద కామెంటు పెట్టడం, లేదా విడిగా మెసేజ్ చేయడం.

కామెంటు తేలిక. అంతకంటే తేలిక ఎమోజీ. ఫేస్‌బుక్‌లో 2016 దాకా లైక్ ఒక్కటే ఉండేది, చావు కబురుకూ బొటనవేలే చూపించేవాళ్లం! ఏడుపు ముఖం ఆ ఏడాది వచ్చింది, గుండెను హత్తుకున్న 'కేర్' బొమ్మ 2020లో. ఉద్యోగం పోయిందనో, పరీక్ష తప్పాననో రాసినప్పుడు "నాకూ ఇలాగే అయింది" అని పదిమంది అంటే పెద్ద ఊరట. చదివి ఊరుకునేవాళ్లకి కూడా. కానీ "ధైర్యంగా ఉండండి" అన్న మాటే నలభైసార్లు వరసగా కనిపిస్తే ఏదీ మనసుకెక్కదు. మధ్యలో ఒకరు సలహాలు మొదలుపెడతారు, ఇంకొకరు తప్పు నీదే అంటారు.

మెసేజ్‌లో చూసేవాళ్లు ఉండరు కాబట్టి మనిషి అసలు సంగతి చెబుతాడు. "తిన్నావా? ఫోన్ చేయనా?" అన్న రెండు ముక్కలు చాలు. చిక్కల్లా, మాట కలిపాక మధ్యలో మాయమవకూడదు. అసలు పలకరించకపోవడం కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. పరిచయం లేనివాళ్ల ఇన్‌బాక్స్‌లోకి దూరడమూ ఇబ్బందే, ముఖ్యంగా ఆడవాళ్లకి.

నా లెక్కలో మామూలు బాధకి కామెంటు సరిపోతుంది. ప్రాణం తీసుకునే మాట కనిపిస్తే మాత్రం మెసేజ్ కూడా ఆలస్యమే, నేరుగా ఫోన్ చేయాలి. నంబరు లేకపోతే ఇంట్లోవాళ్లకో, దగ్గరివాళ్లకో చెప్పాలి. ఆ పోస్టును రిపోర్టు కూడా చేయొచ్చు.